విశాఖ నుంచి డిగ్లిపూర్ దాకా: అండమాన్ అడవి దారిలో ఎలా వెళ్లాలి

అండమాన్ వెళ్లొచ్చామని చెప్పే మనవాళ్లలో ఎక్కువమంది చూసేది సెల్యులార్ జైలు, హావ్‌లాక్, నీల్. నాలుగు రాత్రుల ప్యాకేజీ అంతటితో అయిపోతుంది. పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఉత్తరానికి డిగ్లిపూర్ దాకా సుమారు 325 కిలోమీటర్ల రోడ్డు ఒకటి ఉంది. అక్కడ దాన్ని అందరూ ఏటీఆర్ (అండమాన్ ట్రంక్ రోడ్) అంటారు, కాగితాల మీద అది నాలుగో నంబరు జాతీయ రహదారి. వర్షారణ్యం, మడ అడవులు, బురద అగ్నిపర్వతాలు, సున్నపురాతి గుహ, అండమాన్‌లోకెల్లా ఎత్తైన శిఖరం, తాబేళ్లు గుడ్లు పెట్టే తీరం అన్నీ ఆ దారి మీదో, దాని పక్కనో ఉన్నాయి. 2024 సెప్టెంబరులో పోర్ట్‌బ్లెయిర్ పేరును శ్రీవిజయపురంగా మార్చారు. టికెట్ల మీద రెండు పేర్లలో ఏది కనిపించినా ఊరు అదే.

ఈ దారిని కిలోమీటర్లతో లెక్కేస్తే మొదటి రోజే ప్లాన్ తారుమారవుతుంది. విశాఖ నుంచి అరకు వెళ్లేటప్పుడు అరగంట ఆలస్యంగా బయల్దేరితే అరగంట ఆలస్యంగా చేరతాం. ఇక్కడ దారిలో జారవా తెగ రిజర్వు అడవి ఉంది, గేటు దగ్గర బళ్లను గుంపుగా, అంటే కాన్వాయ్‌గా మాత్రమే వదులుతారు. అరగంట ఆలస్యమైతే గేటు మూసేస్తారు, తర్వాతి కాన్వాయ్ కోసం మూడు గంటలు కూర్చోవాలి, ఆ మూడు గంటల్లో గుహకు వెళ్లే పడవలు ఆగిపోతాయి. కాబట్టి ప్రతి రోజునూ గేటు, వెసెల్ (బళ్లను నీరు దాటించే ఓడ), ఆటుపోట్లు, సూర్యాస్తమయం ఈ నాలుగింటి గంటలు పట్టుకుని వెనక్కి లెక్కేసుకుంటూ రావాలి.

సూర్యుడి సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే అందరూ మర్చిపోయేది అదే. పోర్ట్‌బ్లెయిర్ విశాఖకు తూర్పున తొమ్మిది డిగ్రీలకు పైగా ఉంది. గడియారం మాత్రం మనదే. అంటే సూర్యుడి లెక్కన అక్కడ రోజు మనకంటే సుమారు 38 నిమిషాలు ముందు నడుస్తుంది. డిసెంబరులో సాయంత్రం ఐదుకే సూర్యుడు దిగిపోతాడు. అడవిలో చెట్ల కింద నాలుగు దాటితేనే మసక. తెల్లారడం కూడా అంతే తొందర, కనుక నాలుగింటికి లేవడం అక్కడివాళ్లకు పెద్ద విషయం కాదు. మీరూ మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

ఎప్పుడు వెళ్లాలి

జనవరి మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా మంచి కాలం. సముద్రం శాంతంగా ఉంటుంది, కాలిబాటలు ఎండి ఉంటాయి, జనవరి, ఫిబ్రవరిల్లో తాబేళ్లూ కనిపిస్తాయి. నైరుతి రుతుపవనాలు మన కంటే ముందే, మామూలుగా మే మూడో వారానికల్లా అండమాన్‌ను తాకుతాయి. ఏడాదికి అక్కడ పడే వాన సుమారు 3,000 మిల్లీమీటర్లు, విశాఖలో పడేదానికి రెండున్నర రెట్లు. వేసవి సెలవులు కదా అని మే చివర్లో పెట్టుకుంటే బురదలో దిగబడటం, పడవలు ఆగిపోవడం తప్పవు. దసరా సెలవులూ అంతే. అక్టోబరు, నవంబరుల్లో బంగాళాఖాతంలో తుపానులు పుడతాయని విశాఖవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. సంక్రాంతికి వాతావరణం బాగుంటుంది గాని గదులు ముందే నిండిపోతాయి. పండగ వెళ్లిన వారం తర్వాత బయల్దేరడం అన్నిటికంటే నయం.

ఓడా, విమానమా

విశాఖ పోర్టు నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు ప్రయాణికుల ఓడ వెళ్తుంది. రెండున్నర రోజులకు అటూ ఇటూగా పడుతుంది. రోజూ ఉండే సర్వీసు కాదు. నెలకు ఒకటో రెండో అనుకోండి, ఒక్కో నెల అదీ ఉండదు. తేదీలు కొద్ది రోజుల ముందే ఖాయమవుతాయి, ఖాయమైనవి కూడా మారతాయి. బంక్ క్లాసు నుంచి డీలక్స్ క్యాబిన్ దాకా తరగతులు ఉంటాయి. టికెట్‌కు ఆధార్ నకళ్లు, ఫొటోలు పట్టుకెళ్లండి. బంక్‌లో వెళ్లేవాళ్లు దుప్పటి, గ్లాసు, ప్లేటు, చిన్న తాళం తీసుకెళ్తే సుఖం. కడుపు తిప్పే తత్వం ఉన్నవాళ్లు మాత్ర ఓడ కదలక ముందే వేసుకోవాలి. వాంతులు మొదలయ్యాక వేస్తే మాత్ర కడుపులో నిలవదు.

వెళ్లడానికి ఓడ, రావడానికి విమానం పెట్టుకోండి. తిరుగు ఓడ తేదీని నమ్ముకుంటే ఆఫీసు సెలవు చాలదు. ఓడ చేరే రోజుకీ రోడ్డు ప్రయాణం మొదలయ్యే రోజుకీ మధ్య రెండు రోజులైనా వదలండి. ఓడ హడ్డో జెట్టీకి చేరుతుంది, అక్కడి నుంచి ఊళ్లోకి ఆటోలు దొరుకుతాయి. విమానమైతే చెన్నై లేదా కోల్‌కతాలో మారడం ఎప్పుడూ ఉండే దారి. చెన్నై నుంచి రెండు గంటల పైచిలుకు.

పోర్ట్‌బ్లెయిర్‌లో దిగాక భాష గురించి దిగులు వద్దు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు సుమారు 13 శాతం, అందులో శ్రీకాకుళం, విశాఖ వైపు కుటుంబాలు చాలా ఉన్నాయి. బజారులో రెండు మాటలు తెలుగులో మాట్లాడితే మూడో మాటకు ఎవరో ఒకరు “మనది ఏ ఊరండీ” అని అడుగుతారు. రంగత్ దాటాక మాత్రం హిందీ, బెంగాలీలతోనే పని.

బండి, డ్రైవరు, కాగితాలు

విశాఖ నుంచి సొంత బండి ఓడలో పంపుదామనే ఆలోచన మానుకోండి. రానూపోనూ సరుకు ఛార్జీ, ఎదురుచూపు కలిపితే అద్దె బండే చవక. అద్దె స్కూటీ మీద ఈ దారి వద్దు. బండి ఇచ్చేవాళ్లే చాలామంది గేటు దాటించడానికి ఒప్పుకోరు, పైగా రోడ్డు విస్తరణ పనుల వల్ల తవ్వి వదిలేసిన చోట్ల వాన పడితే ఎర్రమట్టి జారిపోతుంది.

నలుగురికి బొలేరో గాని ఇన్నోవా గాని సరిపోతుంది. ఫోర్ బై ఫోర్ అక్కర్లేదు, నేలకు ఎత్తుగా ఉంటే చాలు. ఏసీ పనిచేస్తోందా లేదా అన్నది మాత్రం ఇక్కడ సుఖానికి సంబంధించిన ప్రశ్న కాదు. రిజర్వులో అద్దాలు మూసుకుని గంటన్నర కూర్చోవాలి. స్టెప్నీలో గాలి, జాకీ, వీల్ స్పానర్ మీ కళ్లతో చూడండి. పంక్చర్ షాపులు ఊళ్లలోనే ఉంటాయి, ఊరికీ ఊరికీ మధ్య దూరం 70 కిలోమీటర్ల వరకు ఉంటుంది. పోర్ట్‌బ్లెయిర్‌లో ట్యాంకు నింపించి, రంగత్, మాయాబందర్, డిగ్లిపూర్‌లలో ఎక్కడ బంకు కనిపిస్తే అక్కడ మళ్లీ నింపించండి. సగం ఉంది కదా అని వదలొద్దు. ఓడ ఆలస్యమైతే బంకులో సరుకూ ఆలస్యమే.

బేరం రోజుల లెక్కన మాట్లాడాలి. అందులో డ్రైవరు భోజనం, రాత్రి బస, వెసెల్ ఛార్జీ, పార్కింగ్ ఉన్నాయా అని విడివిడిగా అడగండి. వెసెల్ ఆగిపోయో, కొండచరియ విరిగిపడో ఒక రోజు అదనమైతే ఎంత ఇవ్వాలో ముందే తేల్చుకోండి. గొడవలన్నీ ఆ ఒక్క ప్రశ్న అడక్కపోవడం వల్లే వస్తాయి. డ్రైవరు అంతకుముందు డిగ్లిపూర్ దాకా వెళ్లినవాడై ఉండాలి. రిజర్వు అవతల ఉన్న బారాటాంగ్ దీవికి పొద్దున వెళ్లి సాయంత్రం తిరిగొచ్చేవాళ్లు చాలామంది ఉంటారు, అవతలి దారి వాళ్లకు కొత్త.

భారతీయులకు ఈ దారిలోని ఊళ్లకు వెళ్లడానికి విడిగా ప్రవేశ అనుమతి అక్కర్లేదు. కానీ జిర్కాటాంగ్ గేటు దగ్గర ప్రతి బండికీ ఫారం నింపాలి, అందరి పేర్లూ, గుర్తింపు కార్డు వివరాలతో. ఒక్కొక్కరికీ ఆధార్ నకళ్లు ఆరేసి చేయించుకోండి. గేటు, బారాటాంగ్ గుహ, డిగ్లిపూర్ దగ్గరి రాస్–స్మిత్ జంట దీవులు, శాడిల్ పీక్ శిఖరం, హోటళ్లు ఒక్కో చోట ఒక్కోటి అడుగుతాయి. కరెంటు లేని చోట జిరాక్స్ కోసం తిరగలేరు. డ్రోను ఇంట్లోనే వదిలి రండి.

మూటలో ఏముండాలి

అక్కడ దొరకనివే చెప్తాను. ఒండ్రులో, తడి రాళ్ల మీద పట్టు జారని బూట్లు, నీళ్లలో నడవడానికి వెనక పట్టీ ఉన్న చెప్పులు. జలగల మేజోళ్లు, లేకపోతే పొడుగు మేజోళ్లలోకి ప్యాంటు దోపుకోవడం. తలకు కట్టుకునే టార్చి మనిషికొకటి. నీళ్లు దూరని సంచి ఒకటి పెద్దది, ఫోన్లకు చిన్నవి. ఓఆర్ఎస్ మనిషికి ఆరు ప్యాకెట్లు. దోమల మందు, కొబ్బరినూనె, దురదకు లోషను. మనిషికి రెండు లీటర్ల బాటిళ్లు రెండు.

నగదు తీసుకెళ్లండి. రంగత్, మాయాబందర్, డిగ్లిపూర్‌లలో ఏటీఎంలు ఉన్నాయి గాని వాటిలో డబ్బు ఉంటుందనే హామీ లేదు. సిగ్నల్ ఉంటేనే ఫోన్‌పే. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వచ్చాక పోర్ట్‌బ్లెయిర్‌లో నెట్ బాగుపడింది. అడవిలో మాత్రం గంటల తరబడి ఏ గీతా కనిపించదు. బీఎస్ఎన్ఎల్ సిమ్ ఒకటి ఉంచుకుని, మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

శాకాహారులు కంది పొడి, ఊరగాయ, మరమరాలు పెట్టుకోవాలి. పోర్ట్‌బ్లెయిర్‌లో ఇడ్లీ, దోసెలకు కొదవలేదు. ఉత్తరాన అన్నం, చేప, పప్పు, చాలా చోట్ల ఆవనూనె వంట. చేపలు తినేవాళ్లకు బెంగే లేదు.

జిర్కాటాంగ్ గేటు

పోర్ట్‌బ్లెయిర్ నుంచి గేటు దాకా 45 కిలోమీటర్ల పైన. అక్కడి నుంచి మిడిల్ స్ట్రెయిట్ జలసంధి దాకా సుమారు 49 కిలోమీటర్లు జారవా తెగ రిజర్వు అడవి. రోజుకు నాలుగు కాన్వాయ్‌లు ఉండటం మామూలు. పొద్దున ఆరింటికి మొదటిది, తొమ్మిదికి రెండోది, మిగతావి మధ్యాహ్నం. మధ్యాహ్నం వేళలు అప్పుడప్పుడు మారుతుంటాయి కనుక ముందు రోజు సాయంత్రం డ్రైవరు చేత కనుక్కోండి. రాత్రిపూట గేటు మూసే ఉంటుంది.

బారాటాంగ్ చూసి అదే రోజు తిరిగొచ్చే పర్యాటకులంతా ఆరింటి కాన్వాయ్ మీదే పడతారు. సెలవుల్లో నాలుగున్నరకే క్యూ మొదలు. వెనక చిక్కుకుంటే అవతల వెసెల్ దగ్గర కూడా వెనకే ఉంటారు. మీరు బారాటాంగ్‌లో రాత్రి ఉండేట్టయితే తొమ్మిదింటి కాన్వాయ్ హాయి. గుహకు మర్నాడు పొద్దున వెళ్లొచ్చు. ఈ ఒక్క మార్పుతో ప్రయాణం ఎంత తేలికవుతుందో చాలామందికి తెలియదు, ట్రావెల్స్ వాళ్లూ చెప్పరు.

గేటు దగ్గర టీ కొట్లు, మరుగుదొడ్లు ఉన్నాయి. తప్పకుండా వాడుకోండి, ఎందుకంటే లోపల బండి ఆపకూడదు. మలుపులకు కడుపు తిప్పే పిల్లలకు బయల్దేరే అరగంట ముందు మాత్ర ఇచ్చి, చేతిలో కవరు పెట్టండి. “ఒక్క నిమిషం ఆపండి” అంటే డ్రైవరు ఆపలేడు.

లోపల నియమాలు ఇవి: వేగం గంటకు 40 కిలోమీటర్లు మించకూడదు, ముందు బండిని దాటకూడదు, ఆగకూడదు, అద్దాలు దించకూడదు, ఫొటో గాని వీడియో గాని తీయకూడదు, బయట కనిపించినవాళ్లకు బిస్కెట్లతో సహా ఏదీ ఇవ్వకూడదు. 1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనలను 2012లో కఠినం చేశారు. ఉల్లంఘనలకు మూడు నుంచి ఏడేళ్ల దాకా జైలు ఉంది. ఫోను చేతిలో ఉంటే కెమెరా తెరవాలనిపిస్తుంది, అందుకే అందరి ఫోన్లూ ఒక సంచిలో వేసి డిక్కీలో పెట్టేయండి.

ఇంత పట్టుదల ఎందుకంటే, జారవాలు మొత్తం కలిపి కొన్ని వందల మందే. 1990ల చివరి దాకా బయటివాళ్లకు దూరంగానే ఉన్నారు. దగ్గరయ్యాక 1999లో, మళ్లీ 2006లో వాళ్లలో తట్టు వ్యాపించింది. మనకు చిన్న జలుబు వాళ్లకు చిన్నది కాకపోవచ్చు. ఈ రోడ్డును రిజర్వు మేరకు మూసేయాలని 2002లోనే సుప్రీంకోర్టు ఆదేశించింది, రోడ్డు మాత్రం నడుస్తూనే ఉంది. ఆ అడవిలోంచి వెళ్లడం ఇష్టం లేనివాళ్లు ఫీనిక్స్ బే జెట్టీ నుంచి డిగ్లిపూర్‌కు ఓడలో వెళ్లి, ఉత్తర అండమాన్ మాత్రం బండిలో తిరగొచ్చు. అదీ మంచి ప్రయాణమే. జారవాలను చూడటానికి వెళ్దాం అనే మనిషి మీ గుంపులో ఉంటే ఈ దారి మానేసి ఓడ ఎక్కండి.

బారాటాంగ్‌లో ఒక రాత్రి

మిడిల్ స్ట్రెయిట్ దగ్గర బండి నుంచి అందరూ దిగి, వెసెల్‌లోకి నడిచి ఎక్కాలి. బండి వెనక ఎక్కుతుంది. దాటడానికి పావుగంట చాలు. ఎదురుచూపు మాత్రం క్యూను బట్టి. ఒక పెద్ద బస్సు ఎక్కిందంటే చిన్న బళ్లకు చోటు తగ్గిపోతుంది. మంచినీళ్లు, ఆధార్ నకళ్లు, మందులు ఉన్న చిన్న సంచి చేతిలోనే ఉంచుకోండి. మీరు అవతలకి చేరాక బండి తర్వాతి ట్రిప్పులో రావచ్చు.

అవతలి ఒడ్డు నీలాంబూర్ జెట్టీ. గుహకు అటవీశాఖ అనుమతి, పడవ టికెట్ అక్కడే. స్పీడు బోటులో అరగంటలోపు, చివర్లో మడ అడవి మధ్య సన్న కాలువ, ఆ తర్వాత పొలాల మీదుగా, అడవి మీదుగా ఒకటిన్నర కిలోమీటరు నడక. లైఫ్ జాకెట్ బెల్టులు అన్నీ బిగించుకోండి. పాటు, అంటే సముద్రం వెనక్కి తగ్గే వేళ, బాగా లాగినప్పుడు కాలువలో నీరు తగ్గి పడవ అడుగు బురదకు తగులుతుంది. పడవవాడు ఆగమంటే ఆగాలి. మొదటి పడవల్లో వెళ్లి పదకొండులోపు తిరిగొచ్చేయండి. వారంలో ఏదైనా రోజు గుహకు సెలవుందేమో ముందు రోజే జెట్టీలో అడగండి.

బొర్రా గుహలు చూసిన కళ్లకు ఈ గుహ చిన్నదిగా అనిపిస్తుంది. రెండింటి పుట్టుకా ఒకటే: వాన నీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకుని సున్నపురాయిని కరిగించి, బొట్టు బొట్టుగా కారేచోట మళ్లీ పేరుస్తుంది. చేత్తో ముట్టుకుంటే చర్మంలోని జిడ్డు అంటి ఆ పేరుకోవడం ఆగిపోతుంది, రాయి నల్లబడుతుంది. గుహ కంటే ఆ కాలువ ప్రయాణమే గొప్పగా ఉంటుంది. కోరింగ మడ అడవులు చూసినవాళ్లు కూడా ఇక్కడి వేళ్ల అల్లిక చూసి ఆశ్చర్యపోతారు. నీటిలో చెయ్యి పెట్టకండి. కారణం కింద చెప్తాను.

బురద అగ్నిపర్వతం పేరు విని లావా ఊహించుకోవద్దు. నేల లోతున కుళ్లిన సేంద్రియ పదార్థం నుంచి పుట్టిన వాయువు చల్లటి బురదను పైకి తోస్తుంది. గిన్నెలంత గుంటల్లో బుడగలు పేలుతుంటాయి, అంతే. 2004 డిసెంబరు 26 నాటి పెద్ద భూకంపం తర్వాత, 2005లో, ఇక్కడ బురద ఎగజిమ్మింది. కంచె దాటకండి, పైన ఎండినట్టు కనిపించే పొర కింద మెత్తటి బురద ఉంటుంది. అరగంటకు మించి సమయం ఇవ్వక్కర్లేదు.

సాయంత్రం పారట్ ఐలాండ్. పొద్దు వాలే ముందు వేల చిలకలు ఆ చిన్న మడ దీవికి చేరతాయి. నాలుగింటికల్లా పడవలో ఉండాలి. అదే రోజు తిరిగొచ్చేవాళ్లకు ఇది దక్కదు. బారాటాంగ్‌లో గదులు తక్కువ, సాదా. మంచం, ఫ్యాను, బాత్రూము ఉంటే సరిపెట్టుకోండి.

రంగత్, మాయాబందర్

బారాటాంగ్ నుంచి రంగత్ సుమారు 70 కిలోమీటర్లు. మునుపు రెండో వెసెల్ ఉండేది, ఇప్పుడు హంఫ్రీ స్ట్రెయిట్ మీద ఆజాద్ హింద్ ఫౌజ్ సేతు ఉంది. కదంతల దాటేదాకా గేటు లోపలి నియమాలే పాటించండి. గర్జన్, పడౌక్ చెట్లు ఇక్కడ కోటగోడలా నిలబడతాయి. రంగత్ దగ్గర ధనీ నాలాలో మడ అడవి మీదుగా ఏడు వందల మీటర్ల పైచిలుకు చెక్క వంతెన నడక ఉంది, అది సముద్రపు ఒడ్డుకు తీసుకెళ్తుంది. గంటన్నర ఇవ్వండి. ఆమ్‌కుంజ్ బీచ్ దారిలోనే.

మాయాబందర్ ఇంకో 70 కిలోమీటర్లు. ఊరు ప్రధాన రోడ్డుకు కాస్త పక్కగా ఉంటుంది. బర్మా నుంచి 1925లో వచ్చి స్థిరపడిన కరెన్ల గ్రామాలు, కర్మాటాంగ్ బీచ్ ఇక్కడివి. రోజులు తక్కువుంటే ఇక్కడ బస వదిలేసి నేరుగా డిగ్లిపూర్ వెళ్లిపోవచ్చు. ఆస్టిన్ స్ట్రెయిట్ మీద చెంగప్ప వంతెన దాటగానే మధ్య అండమాన్ అయిపోయి ఉత్తర అండమాన్ మొదలవుతుంది.

డిగ్లిపూర్: మూడు రాత్రులు

ఊళ్లో ఉండకండి. 18 కిలోమీటర్ల దూరంలో కాలీపూర్ ఉంది, బస అక్కడ పెట్టుకుంటే శాడిల్ పీక్ గేటు, తాబేళ్ల తీరం రెండూ దగ్గర. రాస్–స్మిత్ పడవలు బయల్దేరే ఏరియల్ బే జెట్టీ ఊరికీ కాలీపూర్‌కూ మధ్యలో ఉంటుంది.

శాడిల్ పీక్ ఎత్తు 732 మీటర్లు. అంకె చూసి తేలిక అనుకుంటారు. సముద్రమట్టం నుంచి మొదలుపెట్టి మొత్తం ఎక్కాలి, ఒక వైపు సుమారు 8 కిలోమీటర్లు, గాలి ఆడని అడవిలో, చెమట ఆరని తేమలో. విశాఖలో ఉండగానే పరీక్ష పెట్టుకోండి: అడివివరం వైపు నుంచి సింహాచలం మెట్లు ఎక్కి దిగి, వెంటనే మళ్లీ ఎక్కి దిగండి. మర్నాడు మోకాళ్లు పట్టేస్తే ఇంకో నెల సాధన చేయాలి. నడకకు ముందు రోజు కాలిగోళ్లు కత్తిరించుకోండి. దిగేటప్పుడు వేళ్లు బూటు ముక్కుకు కొట్టుకుని గోళ్లు నల్లబడేది అది చేయకే.

లామియా బే దగ్గర అటవీశాఖ చెక్‌పోస్టులో పేర్లు రాయించి, గైడును తీసుకోవాలి. పొద్దున ఆరింటికి నడక మొదలు కావాలి, కనుక గైడు మాట ముందు రోజు సాయంత్రమే ఖాయం చేసుకోండి. మొదటి భాగం తీరం వెంట, గుండ్రాళ్ల మీద. నిండు పోటు ఉంటే ఆ రాళ్ల దగ్గరికి నీళ్లొస్తాయి, వెళ్లేటప్పటి గంటే కాదు, తిరిగొచ్చే గంటకు కూడా పోటు ఎప్పుడో చూసుకోవాలి. పోటుకూ పోటుకూ మధ్య సుమారు పన్నెండు గంటల పాతిక నిమిషాలు, మర్నాటికి యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. ఈ లెక్క తెలిస్తే ఒక రోజు జెట్టీలో అడిగిన వేళతో వారమంతా నడిపించొచ్చు.

తీరం వదిలాక వాగులు దాటి ఎక్కుడు మొదలవుతుంది, పైకి పోయేకొద్దీ నిటారు. నీళ్లు మనిషికి మూడున్నర లీటర్లు, అందులో ఒక లీటరు ఓఆర్ఎస్ కలిపింది. ఉత్త నీళ్లే తాగుతూ పోతే చెమటతో పోయిన ఉప్పు భర్తీ కాక కాళ్లు కొంకర్లు పోతాయి. నిమ్మకాయ పులిహోర లాంటిది పదింటికి కొంచెం, పైన కొంచెం తినండి. కడుపునిండా తింటే ఎక్కలేరు. ఎక్కడున్నా సరే పదకొండున్నరకు వెనక్కి తిరగాలి. శిఖరం మీద మబ్బు పట్టేస్తే ఏమీ కనిపించదు, సముద్రం మధ్య దారిలోనే బాగా కనిపిస్తుంది. కాబట్టి పైదాకా వెళ్లలేదని బాధపడక్కర్లేదు. మూడున్నరకల్లా గేటు దగ్గర ఉండండి. జలగ పట్టుకుంటే లాగకండి, ఉప్పు వేస్తే వదిలేస్తుంది. ఆ చోట రక్తం కాసేపు ఆగదు, గుడ్డ అదిమి ఉంచితే చాలు.

మర్నాడు కాళ్లకు విశ్రాంతి కావాలి కనుక రాస్–స్మిత్ పెట్టుకోండి. ఏరియల్ బేలో అనుమతి రాయించుకుని పడవ ఎక్కితే అరగంట. రెండు దీవులను కలిపే ఇసుక దారి పాటులో తేలుతుంది, పోటులో మునుగుతుంది. పాటు ఎన్నింటికో అడిగి, దానికి గంట ముందు చేరేలా వెళ్లండి. లేకపోతే మోకాలి లోతు నీళ్లు చూసి తిరిగొచ్చి, ఫొటోల్లో ఉన్నట్టు లేదని తిట్టుకుంటారు. మధ్యాహ్నం దాటాక పడవలు వెళ్లనివ్వరు. పోర్ట్‌బ్లెయిర్ ఎదుట ఉన్న పాత రాస్ ఐలాండ్ వేరు, దాన్ని ఇప్పుడు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అంటారు. బుకింగ్ చేసేటప్పుడు ఈ రెండింటినీ కలిపేసి డబ్బు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు.

కాలీపూర్ తీరంలో నాలుగు రకాల సముద్రపు తాబేళ్లు గుడ్లు పెడతాయి: లెదర్‌బ్యాక్, పచ్చ తాబేలు, హాక్స్‌బిల్, మన ఆర్కే బీచ్‌కీ వచ్చే ఆలివ్ రిడ్లీ. రాత్రి చూడాలంటే అటవీశాఖ సిబ్బందితోనే వెళ్లాలి. టార్చికి ఎర్ర కాగితం చుట్టండి, ఫ్లాష్ వద్దు, తాబేలు ముందు నుంచి వెళ్లొద్దు. వెలుగు పడితే అది గుడ్లు పెట్టకుండానే తిరిగి సముద్రంలోకి వెళ్లిపోతుంది.

మొసళ్లు, ఇసుక ఈగలు

అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి. కాలువల్లో, వాగు సముద్రంలో కలిసే చోట, మడ అడవి అంచున ఉంటాయి, సముద్రంలోనూ ఈదుతాయి. 2010లో హావ్‌లాక్‌లో ఒక అమెరికన్ పర్యాటకురాలిని మొసలి చంపింది. బోర్డు ఉన్నా లేకపోయినా వాగు మూతి దగ్గర దిగకండి, పొద్దు పోయాక ఏ నీటిలోనూ దిగకండి, జెట్టీ మెట్ల చివర కూర్చుని కాళ్లు వేలాడేయకండి. స్నానం చేయొచ్చా అని ఆ ఊరివాళ్లను అడిగితే ఖచ్చితంగా చెప్తారు.

ఇసుక ఈగలు ప్రాణం తీయవు గాని ప్రయాణం పాడుచేస్తాయి. పొద్దున, సాయంత్రం తడి ఇసుక దగ్గర కుడతాయి. దురద మర్నాడు మొదలై వారం ఉంటుంది. కాళ్లకు కొబ్బరినూనె దట్టంగా పట్టించి ప్యాంటు వేసుకోండి, ఇసుక మీద నేరుగా కూర్చోకండి. గోకితే పుండు పడుతుంది, ఆ తేమలో పుండు మానదు.

తిరుగు దారి

డిగ్లిపూర్ నుంచి ఒక్క రోజులో పోర్ట్‌బ్లెయిర్ చేరొచ్చు. బస్సులు చేరుతున్నాయి కదా, పన్నెండు గంటల్లో. కానీ మిడిల్ స్ట్రెయిట్ వైపు నుంచి మధ్యాహ్నపు చివరి కాన్వాయ్ అందుకోవాలంటే తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి, దారిలో ఎక్కడా ఆలస్యం లేకుండా రావాలి. రంగత్‌లో రాత్రి ఆగి, మర్నాడు ఐదున్నరకు కదిలితే తొమ్మిది తొమ్మిదిన్నర ప్రాంతపు కాన్వాయ్ తీరిగ్గా దొరుకుతుంది. అలసిన డ్రైవరుతో చివరి కాన్వాయ్ వెంట పరుగెత్తడం కంటే ఒక రాత్రి గది అద్దె ఎక్కువేం కాదు.

మొత్తం లెక్క ఇదీ: పోర్ట్‌బ్లెయిర్ ఒక రాత్రి, బారాటాంగ్ ఒకటి, రంగత్ ఒకటి, డిగ్లిపూర్ మూడు, తిరుగులో రంగత్ ఒకటి, పోర్ట్‌బ్లెయిర్‌లో ఖాళీగా ఒకటి. ఎనిమిది రాత్రులు. మాయాబందర్‌లో ఆగితే తొమ్మిది. ఆ చివరి ఖాళీ రోజును ఎవరూ పట్టించుకోరు, వెసెల్ చెడిపోయిన రోజున విమానం తప్పిపోకుండా కాపాడేది అదే.

విమానాశ్రయానికి వెళ్లే ముందు పిల్లల జేబులు, ఇసుక సంచులు తిరగేయండి. పగడపు ముక్కలు ఒడ్డున చచ్చిపడి ఉన్నవైనా తేకూడదు, వన్యప్రాణి చట్టం వాటికి వర్తిస్తుంది, స్కానింగ్‌లో కనిపిస్తాయి. దుకాణంలో గవ్వలు, శంఖాలు కొంటే బిల్లు అడిగి తీసుకుని, దాన్ని చేతి సంచిలో పెట్టుకోండి.